మిషను చెప్పిన పేరు

తెనాలిలో ముమ్మిడి పానకాలరావు అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. ఎవరు ఏమన్నా ఆ మాట ఆయన చెవికెక్కేది కాదు, అన్నదెవరో తెలిస్తే చాలు. చీర బాగాలేదని ఎవరైనా అంటే చీర వైపు చూసేవాడు కాదు, అన్న మనిషి వైపు చూసేవాడు. కారులో వచ్చిన మనిషయితే చీర మార్చేవాడు. ఆటోలో వచ్చిన మనిషయితే "ఒకసారి కళ్ళు చూపించుకోండమ్మా" అనేవాడు.

ఆ దుకాణంలో చీరలు చూపించేవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళ మీద పెత్తనం చేసేది మాత్రం గోవర్ధన్ అనే మేనేజరు. మడత విప్పడం, మడత పెట్టడం, పొద్దుటి నుంచి దుకాణం మూసేదాకా నిలబడటం వాళ్ళ పని. వాళ్ళు కూర్చోకుండా చూడటం ఇతని పని.

ఒకసారి పానకాలరావు బావమరిది మాట విని దుకాణానికి ఒక యాప్ చేయించాడు. గోడౌను గుమ్మం పక్కన గోడకి ఒక ట్యాబ్ తగిలించారు. ఆడవాళ్ళు పొద్దున్నే దాని ముందు వరుసగా నిలబడి, పేరూ పాస్‌వర్డూ కొట్టి హాజరు వేసుకునేవాళ్ళు. పగలు చీర అమ్మినప్పుడల్లా మళ్ళీ వచ్చి అది ఎక్కించేవాళ్ళు. దాంట్లోనే 'మీ మాట' అని ఒక పేజీ ఉంది. అందులో ఏ కష్టమైనా పేరు చెప్పకుండా రాసుకోవచ్చు.

"పేరు అక్కర్లేదమ్మా, భయం లేకుండా రాయండి. మన దుకాణంలో ప్రజాస్వామ్యం ఉంది," అని పానకాలరావు అందరినీ పిలిచి ప్రకటించాడు.

"పేరు తెలియకపోతే బాబుగారికి అన్నం సయిస్తుందా?" అని పట్టుచీరల దగ్గరుండే ఖాదర్‌బీ పక్కనున్న దీవెన చెవిలో అంది. దీవెన పైకే నవ్వింది. గోవర్ధన్ అది చూశాడు.

వారం తిరక్కుండానే ఒక ఫిర్యాదు వచ్చింది. పానకాలరావు తన గదిలో కంప్యూటరు తెరిచాడు. "అయ్యా, మీ దుకాణంలో ఆడవాళ్ళకు మర్యాద లేదు," అని మొదలైంది. ఆయన అక్కడితో చదవడం ఆపేశాడు. కింద ఇంకా చాలా ఉంది, కాని దానితో ఆయనకేం పని? కళ్ళు నేరుగా 'రాసినవారు' అన్నచోటికి దూకాయి. అక్కడ 'అజ్ఞాత సందర్శకులు' అని ఉంది.

"ఎవరు గోవర్ధనం ఇది?"

"తెలీదు సార్. తెలియకూడదనే కదా మీరు ఆ పేజీ పెట్టించారు."

"తెలియకూడదంటే వాళ్ళకి తెలియకూడదు. నాకు తెలియొద్దా?"

మర్నాడు చూస్తే 'అజ్ఞాత' పోయి, ఆ చోట 'దీవెన' అని ఉంది. పానకాలరావు ముఖం వెలిగింది. యాప్‌కు పెట్టిన ఖర్చు ఊరికే పోలేదనుకుని దీవెనను పిలిపించాడు.

"నీకు ఇక్కడ మర్యాద తక్కువయిందా?"

"నేనేం రాయలేదు సార్," అంది దీవెన. "రాసుంటే పేరు పెట్టే రాసేదాన్ని."

"మిషను అబద్ధం చెప్పదు," అన్నాడు గోవర్ధన్.

"మరి మనుషులు నిజం చెప్పరా?"

ఆ ఎదురుమాటతో పానకాలరావుకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. మెత్తగా మాట్లాడే ఆడది అబద్ధమాడినా నమ్ముతారు, తల ఎత్తి నిజం చెప్పినదాన్ని మాత్రం నమ్మరు. "రేపట్నించి పనిలోకి రావద్దు," అన్నాడు. దీవెన ఇంట్లో తినేవాళ్ళు నలుగురు, తెచ్చేది ఆమె ఒక్కతే. ఆ సంగతి దుకాణంలో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

మరునాడు పొద్దున్న పానకాలరావు ఫిర్యాదును తీసేద్దామని పేజీ తెరిచాడు. రాసినవారు: 'సీతారత్నం'. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. సీతారత్నం నోట్లో నాలుక లేని పిల్ల. పిలిచి అడిగితే ఏడ్చింది. మధ్యాహ్నం మళ్ళీ చూశాడు. ఈసారి 'ఖాదర్‌బీ'.

"నువ్వా?" అన్నాడు.

"పొద్దున్న సీతారత్నం అన్నారుగా బాబుగారూ? నిన్న దీవెన అన్నారు," అంది ఖాదర్‌బీ. "ఉత్తరం ఒకటేనా, రోజుకొకటా?"

"ఒకటే."

"అయితే ముగ్గురం తలా ఒక అక్షరం రాశామంటారా?"

ఆమె వెళ్ళాక పానకాలరావు చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. ముగ్గురూ రాశారా? ఎవరూ రాయలేదా? నిన్న రాసినదాన్ని ఇవాళ ఇంకొకరు ఎలా రాస్తారు? "కుట్ర సార్," అన్నాడు గోవర్ధన్. ఎవరి మీద ఎవరి కుట్రో అతనికీ తెలియదు.

ఇక లాభం లేదని పానకాలరావు స్వయంగా గోడౌను దగ్గరకు వెళ్ళాడు. ట్యాబ్‌లో తన పేరూ పాస్‌వర్డూ కొట్టి ఆ పేజీ తెరిచాడు. మొదట తెర తెల్లబడింది. తర్వాత అక్షరాలు వచ్చాయి. రాసినవారు: 'ముమ్మిడి పానకాలరావు'.

ఆయన ఆ పేరు రెండుసార్లు చదివాడు. బీపీ మాత్ర వేసుకుని మగతలో ఏమైనా రాశానా అని కూడా ఆలోచించాడు. "గోవర్ధనం, మిషను అబద్ధం చెప్పదన్నావు కదా?"

"చెప్పదు సార్."

"అయితే ఇది నేను రాశానా?"

గోవర్ధన్ అవుననలేకపోయాడు, కాదనలేకపోయాడు. చివరికి, "మీరు రాస్తే బాగానే రాసుంటారు సార్," అన్నాడు.

కబురు పెడితే, యాప్ తయారుచేసిన ప్రసూన గుంటూరు నుంచి వచ్చింది. ట్యాబ్ చూసింది, తల పట్టుకుంది.

"మీ గుమ్మం దగ్గర సంచులు తీసుకుని టోకెన్లు ఇస్తారు కదా సార్. వచ్చినవాళ్ళ పేరు అడుగుతారా?"

"పేరెందుకు? టోకెను చూసి సంచి ఇచ్చేస్తాం."

"మా యాప్ కూడా అంతే. కొత్తగా ఎవరు తెరిచినా పేరు అడక్కుండా వాళ్ళ ఫోన్లోనో ట్యాబ్‌లోనో ఒక టోకెను పెడుతుంది. ఆ టోకెనుతో చేసినదంతా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అదే టోకెనుతో ఎవరైనా పేరు చెప్పి లోపలికొస్తే, అంతకుముందు పేరు లేకుండా చేసినదంతా వాళ్ళదేనని అనుకుంటుంది."

"మరి నా పేరు?"

"మీ ట్యాబ్ ఒకటే, టోకెనూ ఒకటే. వేళ్ళు మాత్రం అందరివీ. చివరగా పేరు కొట్టింది మీరు, కాబట్టి రాసింది మీరే అంటోంది. మనిషికొక ఫోను ఉంటుందనుకుని చేశాం సార్, ఆ తప్పు మాది. పేరు అక్కర్లేదని రాసి, వెనక ఇలా పేరు అతికించడం అంతకంటే పెద్ద తప్పు. దాన్ని ఇవాళే తీసేస్తాను."

"తీసేద్దువు గాని, అసలు రాసిందెవరో చెప్పు."

"దానికే తెలియదు సార్. దానికి తెలిసింది ఈ ట్యాబ్ ఒక్కటే."

పానకాలరావు గందరగోళం రెట్టింపయింది. ఈలోగా ఆడవాళ్ళంతా అక్కడ పోగయ్యారు. ఖాదర్‌బీ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"బాబుగారూ, ఇప్పటికైతే రాసింది మీరే అంటోంది కదా. ఏం రాశారో చదవండి, వింటాం."

అందరూ చూస్తున్నారు. తప్పించుకునే దారి లేక ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. "అయ్యా, మీ దుకాణంలో ఆడవాళ్ళకు మర్యాద లేదు. మా బాత్రూముకు తాళం వేసి, తాళంచెవి మేనేజరు జేబులో పెట్టుకుంటాడు. అడిగితే కొనడానికొచ్చినవాళ్ళ ముందే 'మళ్ళీనా?' అంటాడు. ఆ మాట పడలేక మేము దుకాణంలో ఉన్నంతసేపూ మంచినీళ్ళు తాగడం మానేశాం. మొన్న సీతారత్నం చీర మడతపెడుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. మీరు వచ్చి 'ఇవాళ ఉపవాసమా అమ్మా?' అని అడిగి వెళ్ళిపోయారు..."

ఆయన సీతారత్నం వైపు చూశాడు. ఆ రోజు అలా అడిగి వెళ్ళిన సంగతి గుర్తుంది.

"ఈ తాళం సంగతి నాకు తెలియదు," అన్నాడు మెల్లగా.

"మీకు తెలియదనే ఎవరో రాశారు," అంది ఖాదర్‌బీ. "మీరేమో చదవకుండా సంతకం వెతికారు."

పానకాలరావు చెయ్యి చాపాడు. గోవర్ధన్ జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. యజమాని తానే వెళ్ళి తాళం తీసి, తాళమూ చెవీ రెండూ ఖాదర్‌బీ చేతిలో పెట్టాడు. "ఇక మీదట అది ఎప్పుడు వెయ్యాలో మీరే చూసుకోండి," అన్నాడు. గోవర్ధన్‌ను ఆడవాళ్ళ మీద పెత్తనం నుంచి దించి, గుమ్మం దగ్గర సంచులు తీసుకునే పనిలో పెట్టాడు.

సాయంత్రం ఆయన దీవెన ఇంటికి వెళ్ళాడు. "నువ్వు రాయలేదని తేలిందమ్మా. రేపట్నించి వచ్చెయ్యి," అన్నాడు.

దీవెన కూర్చోమనలేదు. "నేనే రాసుంటే రానివ్వరా సార్?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు ఏ మిషనూ జవాబు చెప్పదు. "రాసినా రావచ్చు," అన్నాడు పానకాలరావు.

"ఆ మాట రేపు అందరి ముందూ అనండి. అప్పుడు వస్తాను."

మర్నాడు పానకాలరావు అందరి ముందూ ఆ మాట అన్నాడు. దీవెన లోపలికి వచ్చింది.

చెప్పిందెవరని వేటాడేవాడికి చెప్పిందేమిటో ఎన్నటికీ తెలియదు; ముందు మాటలో నిజం ఉందేమో చూడాలి, పేరు తర్వాత అడగవచ్చు, అడక్కపోయినా నష్టం లేదు.