రెడ్డెమ్మ తిరగలి పాట

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి చిట్టచివరి ఇంట్లో, నాగులమ్మ అని ఒక తల్లి ఉండేది అమ్మడూ. ఆమెకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది రెడ్డెమ్మ, చిన్నది బుజ్జక్క. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి, లేకపోతే నేను చెప్పను.

కోడి కూసే వేళకి తల్లీ, పెద్దకూతురూ తిరగలికి అటొకరు ఇటొకరు కూర్చుని రాగులు విసిరేవాళ్ళు. అమ్మ రోజుకో కొత్త మాట కట్టి పాడేది. వాన మీద, మేకపిల్ల మీద, ఏది తోస్తే దాని మీద. రెడ్డెమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే వంత పాడేది: "రాయి తిరిగిందమ్మా, పిండి రాలిందమ్మా." ఆ పాట వింటూ బుజ్జక్క నిద్ర లేచేది, ఆ పిండితో చేసిన సంకటే తినేది.

ఒక వానాకాలం జ్వరం తగిలి అమ్మ పోయింది. ఏం చేస్తాం తల్లీ, పోయే ప్రాణాన్ని పట్టి ఆపే చెయ్యి ఎవరికీ లేదు.

ఆ తర్వాత తిరగలి మూలపడింది. నాన్న మిషన్లో రాగులు ఆడించుకొచ్చి సంకటి కెలికితే బుజ్జక్క మూతి తిప్పుకుంది. "పాట లేని సంకటి నాకొద్దు" అంది. రోజురోజుకీ చిక్కిపోయింది. ఇదీ దక్కదేమోనని రెడ్డెమ్మ గుండెల్లో రాయి పడింది.

అప్పుడు మేనత్త వచ్చి తిరగలి ముందు కూర్చుంది. తన ఊరి పాట గొంతెత్తి పాడింది. బుజ్జక్క చెవులు మూసుకుంది.

ఆ తర్వాత రెడ్డెమ్మ కూర్చుంది. అమ్మ పాడిన మేకపిల్ల పాటని అచ్చం అమ్మ గొంతుతోనే పాడింది. బుజ్జక్క చాప మీంచి లేచి పరుగున వచ్చింది. "అమ్మ ఏదీ?" అని తలుపు చాటున వెతికింది, పెరట్లో వెతికింది, గాదె వెనకా వెతికింది. ఇక ఆ పసిది ఏడ్చిన ఏడుపు నేను చెప్పలేను. పిచ్చిపిల్ల రెడ్డెమ్మ, చెల్లెలి కడుపు నింపబోయి పుండు రేపింది.

మర్నాడు పొద్దున్నే రెడ్డెమ్మ అమ్మ కూర్చునే వైపు కూర్చుంది. ఎదురుగా తను కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఈసారి అమ్మలా పాడలేదు. తన గొంతుతోనే పాడింది. మద్దెల లేదు, తాళం లేదు, రాతి చప్పుడొక్కటే తోడు. అమ్మ మీద తనే మాట కట్టింది.

"అమ్మ పట్టిన పిడి నున్నగుంది,
అమ్మ కూచున్న చోటు చల్లగుంది,
అమ్మ లేని ఇల్లు పెద్దగుంది..."

అంతే, వంత కోసం ఎదురుగా ఖాళీ చోటు వైపు చూసింది. వంత పాడేవాళ్ళు లేరు. తిరగలి ఆగింది.

అప్పుడు బుజ్జక్క మెల్లిగా వచ్చి ఆ ఖాళీ చోట కూర్చుంది. అక్క చేతుల కింద తన చిట్టి చేతులు పెట్టి పిడి పట్టుకుంది.

"రాయి తిరిగిందమ్మా, పిండి రాలిందమ్మా" అంది.

ఇన్నాళ్ళూ రెడ్డెమ్మ అమ్మకి పాడిన వంత ఇవాళ తనకే వచ్చింది. రెడ్డెమ్మకి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, రెండు చేతులూ పిడి మీదే ఉన్నాయి. అలాగే ఏడుస్తూ విసిరింది, విసురుతూ పాడింది. ఆ పూట బుజ్జక్క ముద్ద తింది. ఇంకో ముద్ద అడిగింది.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
పాట మిగిలె ఇంటికి.