చేప ముట్టని పిల్లి

అనగనగా, ఏరు ఇప్పటికన్నా నిండుగా పారే రోజుల్లో, రేలవరం అనే ఊరు ఉండేది. చుట్టుపక్కల రైతులందరూ తమ విత్తనపు వడ్లను ఆ ఊళ్లో ఒకే పెద్ద గాదెలో దాచుకునేవారు. ఆ గాదెకు కావలి సూరపనాయుడు. అతని భార్య నాంచారమ్మ. వాళ్లకు తోడుగా కాటుక అనే నల్లకుక్క, పసిడి అనే పసుపుపచ్చ పిల్లి ఉండేవి.

దొంగల సంగతి కాటుక చూసుకునేది. ఎలుకల సంగతి పసిడి చూసుకునేది. పని లేనప్పుడు రెండూ ఒకే గోనెపట్టా మీద పడుకునేవి.

స్నేహం ఒకటే గాని, గుణాలు వేరు. కాటుకకు ఏ చిన్న బాధ కలిగినా ఇంటిల్లిపాదికీ తెలియాల్సిందే. ఒకసారి కాల్లో ముల్లు విరిగితే కుంటుకుంటూ వచ్చి నాంచారమ్మ ముందు పాదం చాపింది. ఆమె ముల్లు తీసి పసుపు అద్దింది. ఇంకోసారి చెవిలో చీము పట్టింది. తల విదిలించుకుంటూ, చెవిని గోడకేసి రుద్దుకుంటూ తిరిగింది. నాంచారమ్మ చెవి ఎత్తి చూసింది. లోపల ఎర్రగా ఉంది, చెడువాసన వేస్తోంది. ఏటి అవతల ఉండే పశువైద్యుడు సింగన్న దగ్గరికి తీసుకెళితే, ఆయన చెవి శుభ్రం చేసి చుక్కలమందు ఇచ్చాడు. కొద్దిరోజుల్లోనే నయమైంది.

పసిడికి ఇదంతా నామోషీగా తోచేది.

"ఎందుకన్నయ్యా ఆ మూలుగులు? నొప్పి పైకి చూపిన పిల్లి పగవాడి నోట పడుతుందని మా అమ్మ చెప్పేది" అంది.

"పగవాళ్ల దగ్గర దాచుకో చెల్లీ. మనవాళ్ల దగ్గర కూడా దాచుకుంటే ఎట్లా?" అంది కాటుక.

పసిడి మీసాలు తుడుచుకుంది.

తొలకరి దగ్గర పడింది. రైతులు విత్తనాల కోసం వచ్చే వేళ. సరిగ్గా అప్పుడే గాదెలో ఎలుకలు పడ్డాయి. బస్తాలు కొరికాయి, వడ్లు నేల మీద పోశాయి. పసిడి మాత్రం అటక కింద చీకట్లో ముడుచుకుని కూర్చుంది. గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి తిరిగి పోతుంది. పూటకు పదిసార్లు ఒళ్లు నాకి నిగనిగలాడించుకునే పిల్లి, ఇప్పుడు బొచ్చు అట్టలు కట్టినా పట్టించుకోవడం లేదు.

నాయుడికి కోపం వచ్చింది.

"మేపి మేపి దీన్ని సోమరిని చేశాం. రేపు పడవలో సంతకు తీసుకెళ్లి ఎవరికైనా ఇచ్చేస్తాను. ఎలుకలు పట్టే పిల్లిని తెస్తాను" అన్నాడు.

"ఒంట్లో బాగాలేదేమోనండీ" అంది నాంచారమ్మ.

"బాగాలేకపోతే మూలగదా? మన కాటుక ఎంత గోల చేస్తుందో చూడలేదా?"

ఆ మాటలు విని కాటుక అటక కిందికి వెళ్లింది.

"ఏమైందో చెప్పు చెల్లీ. రేపు నిన్ను పంపేస్తారట."

పసిడి ఇంకాస్త ముడుచుకుంది. చివరికి మెల్లగా అంది. "పై దవడలో పన్ను పుచ్చింది అన్నయ్యా. నమిలితే ప్రాణం పోతోంది. ఎవరికీ తెలియనివ్వకు."

"ఆ మాట మాత్రం ఇవ్వలేను" అంది కాటుక.

మనుషులకు కుక్క మాట తెలియదు. అందుకని అది పసిడి గిన్నెలో వదిలేసిన ఎండుచేపను నోట కరుచుకుని వెళ్లి నాంచారమ్మ కాళ్ల దగ్గర పెట్టింది. ఆటలనుకుని ఆమె చేపను తిరిగి గిన్నెలో వేసింది. కాటుక మళ్లీ తెచ్చింది. ఈసారి నాయుడు కసిరాడు. "పిల్లి కూడు నీకెందుకురా, పో అవతలికి."

కాటుక తోక ముడుచుకుంది. అయినా మూడోసారి తెచ్చింది.

నాంచారమ్మ చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. "ఏమండీ, మన కాటుక నోటిదాకా వచ్చిన చేపను మింగకుండా వదలడం ఎప్పుడైనా చూశారా?"

ఆమె చేపను వెలుగులో తిప్పి చూసింది. ఒక మూల చిన్నగా కొరికిన గాటు ఉంది. దాని చుట్టూ చొంగ, ఆ చొంగలో నెత్తుటి చార.

ఇద్దరూ అటక దగ్గరికి వెళ్లారు. పసిడి బుస్సుమంది. కాటుక వెళ్లి దాని పక్కనే పడుకుంది.

"చెప్పింది నేను. కోపముంటే నా మీద చూపు. అమ్మ చేతిని మాత్రం గీరకు" అంది.

పసిడి గోళ్లు లోపలికి పోయాయి. కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తింది. నాంచారమ్మ పెదవి కాస్త జరిపి చూసింది. చిగురు వాచి ఎర్రబడి ఉంది, పన్ను నల్లబడి ఉంది.

నాయుడి ముఖం వాడిపోయింది. "ఇంత బాధ పెట్టుకున్నదాన్నా నేను సోమరి అన్నది" అనుకున్నాడు. "ఇంట్లో కాటుక చెవికిచ్చిన మందు మిగిలింది కదా, కాస్త రాద్దామా?" అన్నాడు.

"వద్దండీ. దాని మందు దీనికి పనికొస్తుందో లేదో మనకేం తెలుసు?" అంది నాంచారమ్మ.

నాయుడే పసిడిని బుట్టలో పెట్టుకుని ఏరు దాటాడు. సింగన్న నొప్పి తెలియకుండా మత్తు ఇచ్చి పుచ్చుపన్ను తీశాడు.

"మందు రాయకుండా తీసుకొచ్చి మంచిపని చేశారు నాయుడుగారూ. కుక్కకు మేలు చేసే మందు పిల్లి ప్రాణం తీయొచ్చు" అన్నాడు. "కుక్క బాధను చెప్పుకుంటుంది, పిల్లి దాచుకుంటుంది. తిండి తగ్గినా, నీళ్లు ఎక్కువ తాగినా, ఒళ్లు నాకడం మానినా, మూల చేరినా, అది పొగరనుకోకండి. మూగజీవికి అలవాటు మారడమే మూలుగు."

పసిడికి కొన్నాళ్లు మెత్తగా పిసికిన చేప అన్నం పెట్టారు. చిగురు మానింది. ఒళ్లు మళ్లీ నిగనిగలాడింది. రైతులు వచ్చేసరికి గాదెలో ఎలుక అలికిడి లేదు. విత్తనాలు అందరికీ అందాయి.

అప్పటినుంచి నాయుడు పొద్దున్నే గాదె తలుపు తీసేముందు వాకిట్లో కూర్చుని, కాటుక, పసిడి ఎట్లా తింటున్నాయో చూసి గాని లేచేవాడు కాదు.

మనవాళ్ల దగ్గర బాధ దాచుకోవడం ధైర్యం కాదు. నోరులేని జీవి తీరు మారితే, కోపగించేముందు కారణం వెతకాలి.