అప్పచెప్పని సాయంత్రం

అనగనగా ఒక అడవిలో బడి లేదు, పంతులు లేడు. అయినా పెద్దా చిన్నా జంతువులన్నీ రోజూ పాఠం అప్పచెప్పేవి. ఏం పాఠమో తెలుసా పిల్లలూ? పొద్దుగూకే వేళకి ప్రతి జంతువూ నల్లబండ దగ్గరికి వెళ్లాలి. అక్కడ కూర్చున్న తోడేలు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. "అయ్యా, ఇవాళ ఫలానా చోట మేశాను, ఫలానా వాళ్లతో మాట్లాడాను, వాళ్లు ఇలా అన్నారు" అని పొల్లుపోకుండా చెప్పి, అప్పుడు ఇంటికి పోవాలి.

తోడేళ్ల దండు ఆ అడవిని బలంతో పట్టుకుని చాలా ఏళ్లయింది. దండుకి నాయకుడు కరాళుడు. మొదట్లో అప్పచెప్పాలంటే అందరికీ ఒళ్లు మండేది. రానురాను అలవాటైపోయింది. అలవాటు కావడమే అన్నిటికన్నా అన్యాయం, నన్నడిగితే.

ఒక ఏడు కార్చిచ్చు రేగి సగం అడవి మాడిపోయింది. దండుకి కూడా తిండి కరువైంది. పక్క అడవులు పచ్చగానే ఉన్నాయి. కానీ అక్కడివాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు. "మీ నాయకుణ్ణి మీ అడవి జంతువులే ఎన్నుకోవాలి. ఎన్నిక సవ్యంగా జరిగిందని బయటివాళ్లొకరు చూసి మాకు చెప్పాలి. అప్పుడే మిమ్మల్ని మా పొలిమేర దాటనిస్తాం" అన్నారు. కడుపు కాలితే ఎంతటివాడైనా దిగివస్తాడు కదా! కరాళుడు సరేనన్నాడు.

చూసి చెప్పడానికి వచ్చింది ధవళి. ధవళి ఉత్తరాన మంచుకొండల నుంచి చలికాలంలో వలస వచ్చే బాతు. ఏ అడవికీ చెందింది కాదు, ఎవరి పక్షమూ కాదు. కాకపోతే దాని గుండెలో ఒక ముల్లు ఉంది. ఒకప్పుడు ధవళి గుంపు చలికాలమంతా ఈ అడవి సరస్సులోనే గడిపేది. దండు వచ్చాక, గుంపుగా వాలేవాళ్లు గుంపుగా కుట్ర చేస్తారని సరస్సు మూసేశారు. అప్పటినుంచి బాతులు ఇంకా చాలా దూరం ఎగిరి వెళ్లాల్సి వచ్చేది. కిందటేడు ఆ దారిలో రెక్కలు అలిసి కొన్ని పిల్లలు నేలరాలిపోయాయి. అందులో ధవళి పిల్ల కూడా ఒకటి.

ఎన్నిక రోజు పొద్దున్నే కరాళుడు ధవళిని పక్కకి పిలిచాడు.

"బాతమ్మా, సాయంత్రం నువ్వు చెప్పాల్సింది ఒక్కటే మాట. అంతా సవ్యంగా జరిగింది, అంతే. రేపటినుంచి సరస్సు మీదే. మీ పిల్లలు హాయిగా ఈదుకోవచ్చు."

ధవళికి సరస్సు నీళ్లు కళ్లముందు మెరిశాయి.

"ముందు చూడనీ దండనాయకా. చూశాక చెబుతాను" అని మాత్రం అంది.

ఎన్నిక జరిపించే పెద్ద ఏదుపంది పుల్లయ్య. మంచివాడే, కాకపోతే పిరికి. భయం వేసినప్పుడల్లా ఒంటి మీద ముళ్లు నిక్కబొడుచుకునేవి. దాంతో పాపం భయం దాచుకోవడం కూడా చేతకాదు.

ఏర్పాటు తేలికైనదే. పోటీలో ఉన్నది ఇద్దరు. ఒకరు కరాళుడు, ఇంకొకరు సోమి అనే కణితి జాతి దుప్పి. కరాళుడికి కుంకుడు గింజ, సోమికి చింతగింజ. ఓటు వేసే ప్రతి జంతువుకీ పుల్లయ్య రెండు గింజలూ ఇస్తాడు. గుహలోకి ఒక్కొక్కరే వెళ్లాలి. నచ్చినవారి గింజ రాతితొట్టిలో వేయాలి, రెండోది పక్కనున్న గోతిలో పారేయాలి. వెనక దారిన బయటికి వచ్చేయాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు.

ధవళి గుహ ముందున్న మద్దికొమ్మ మీద కూర్చుని చూసింది. వరస చక్కగా సాగుతోంది. తోపులాట లేదు. అందరికీ రెండేసి గింజలు అందుతున్నాయి. 'పర్వాలేదే! సవ్యంగానే ఉంది' అనుకుంది. దాని మనసు తేలికపడింది. సరస్సు మళ్లీ కళ్లముందు మెరిసింది.

అంతలోనే తన మీద తనకే అనుమానం వచ్చింది. 'ముందు వైపే చూసి మురిసిపోతే ఎలా? వెనక వైపు ఎవరు చూస్తారు?' అనుకుని లేచి గుహ వెనక్కి ఎగిరింది.

వెనక దారి పక్కనే ఒక తోడేలు కూర్చుని ఉంది. ఎవరినీ ఏమీ అడగడం లేదు. నోరైనా విప్పడం లేదు.

కుందేలు బయటికి వచ్చింది. తోడేలు కంటబడగానే ఆగి, చేతులు కట్టుకుని, "అయ్యా, కుంకుడు గింజ వేశానండీ" అని అప్పచెప్పి పరుగెత్తింది.

తరవాత జింక వచ్చింది. అదీ ఆగింది. "అయ్యా, నేనూ కుంకుడు గింజే" అంది.

ఆ తరవాత అడవిపంది వచ్చింది. మొండిఘటం. ఏమీ చెప్పకుండా పోదామని రెండడుగులు వేసింది. పాపం, ఏళ్ల తరబడి ఉన్నదున్నట్టు అప్పచెప్పిన అలవాటు! కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. "అయ్యా... చింతగింజ" అని గొణిగింది. తోడేలు ఏమీ అనలేదు. అడవిపంది వంక అలా చూస్తూ ఉండిపోయింది. అది చాలు. ఆ చూపు సంగతి చెవిన పడ్డాక వరసలో ఉన్న జంతువులన్నీ కుంకుడు గింజనే గట్టిగా పట్టుకున్నాయి.

ధవళి పుల్లయ్య దగ్గరికి వెళ్లి చూసినదంతా చెప్పింది. పుల్లయ్య ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి.

"ఊరుకో బాతమ్మా! రాకరాక వచ్చిన ఎన్నిక. ఇప్పుడు ఆపితే మళ్లీ పెట్టనిస్తాడా? ఆ తోడేలు ఎవరినీ అడగడం లేదుగా. వీళ్లంతట వీళ్లే చెబుతుంటే మనమేం చేస్తాం?"

"నేను చేసేదేం లేదు బాబాయ్. చూసింది చెప్పడమే నా పని" అంది ధవళి.

మిట్టమధ్యాహ్నం కరాళుడు వచ్చాడు. తన మీద తనకి గొప్ప నమ్మకం. అందరూ వింటుండగా, "ఏం బాతమ్మా, ఎన్నిక ఎలా ఉంది? నలుగురిలో చెప్పు మరి" అన్నాడు.

ధవళికి నేలరాలిన తన పిల్ల గుర్తొచ్చింది. ఒక్క మాట చాలు, ఇక ఏ పిల్లా రాలదు. వరసలో చూస్తే కొండముచ్చు చెన్నమ్మ నిలబడి ఉంది. ముసలి ప్రాణం. కుంకుడు గింజని పిడికిట్లో పట్టుకుని ధవళి వంకే చూస్తోంది. ఇవాళ ఎవరైనా తన తరఫున నిజం చెబుతారా అన్నట్టుంది ఆ చూపు.

ధవళి అందరికీ వినపడేలా చెప్పింది.

"వరస చక్కగా ఉంది. చూశాను. గింజలు అందరికీ అందాయి. అదీ చూశాను. బయటికి వచ్చిన ప్రతి జంతువూ మీ తోడేలు ముందు నిలబడి ఓటు అప్పచెబుతోంది. అది కూడా చూశాను."

జంతువులన్నీ కరాళుడి వంక తిరిగాయి.

"మావాడు అడిగాడా?" కరాళుడు పళ్లు నూరాడు.

"అడగలేదు. ఇన్నేళ్లు అడిగారు కదా దండనాయకా, ఇప్పుడు అడగక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు."

"సరస్సు సంగతి మరిచిపోయినట్టున్నావు!"

"మరిచిపోలేదు" అంది ధవళి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ సరస్సు నాకు ఎంత కావాలో మీకు తెలియదు. అయినా పక్క అడవులకి నేను చెప్పేది ఇదే. వెనక దారిన తోడేలు ఉంటే ఉందని చెబుతాను. లేకపోతే లేదని చెబుతాను."

అప్పుడొక వింత జరిగింది. పుల్లయ్య ముళ్లు మెల్లమెల్లగా వాలిపోయాయి. "తొట్టి ఖాళీ చేయండి" అన్నాడు. "మళ్లీ మొదటినుంచీ వేద్దాం. వెనక దారిన ఎవరూ ఉండకూడదు."

"నేను మళ్లీ వేస్తాను!" కుందేలు గెంతుకుంటూ వచ్చి ముందు నిలబడింది.

కరాళుడు గుర్రుమన్నాడు. అటు మాడిపోయిన అడవిని చూశాడు. ఇటు పొలిమేర అవతల పచ్చదనాన్ని చూశాడు. బాతు నోటి మాట లేకుండా ఆ పొలిమేర తెరుచుకోదు. చివరికి, "రారా ఇటు" అని కాపలా తోడేలుని విసుక్కుంటూ వాగు అవతలికి తీసుకుపోయాడు.

ఓటింగు మళ్లీ మొదలైంది. బయటికి వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ ఆగి, "అయ్యా" అని నోరు తెరిచేవాళ్లు. ఎదురుగా ఎవరూ లేరు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయి, మెల్లగా నవ్వయ్యేది. చెన్నమ్మ మాత్రం నేరుగా ధవళి దగ్గరికే వచ్చేసింది.

"ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు కుదురు ఉండదే తల్లీ. నీకు చెప్పేస్తా. నేను వేసిన గింజ..."

ధవళి గబుక్కున తల రెక్క కింద దూర్చేసింది. "నాకూ వద్దు అవ్వా! అది నీ కడుపులోనే దాచుకో!"

సాయంత్రం అందరి ఎదుట తొట్టి బోర్లించారు. చింతగింజలు బోలెడన్ని, కుంకుడు గింజలు గుప్పెడు. సోమి గెలిచింది. ధవళి పైకి ఎగిరి, "చూశాను! సవ్యంగా జరిగింది!" అని అరిచింది. ఎంత హాయిగా అరిచిందో! ఏమీ మింగకుండా, ఏమీ దాచకుండా. మాట తప్పితే ఏ పొలిమేరా తెరుచుకోదని తెలిసి, కరాళుడు తల దించుకుని దండుతో వెళ్లిపోయాడు. సరస్సు ఇచ్చేవాడూ మూసేవాడూ లేకపోయేసరికి, అది వచ్చే పక్షులందరిదీ అయింది. ధవళి గుంపు ఆ మర్నాడే అందులో వాలింది. పిల్లలు నీళ్లలో పడి ఒకటే అల్లరి.

ఇక ఎన్నిక జరిగిన ఆ సాయంత్రం కూడా పొద్దుగూకగానే జంతువులన్నీ కాళ్లు లాగినట్టు నల్లబండ దగ్గరికి వెళ్లి నిలబడ్డాయి. బండ మీద ఎవరూ లేరు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంక చూడండి, అడవంతా నవ్వే!

చెన్నమ్మ ఇంటికి వెళ్లేసరికి మనవలు చుట్టుముట్టారు. "అవ్వా అవ్వా, ఎవరికి వేశావు?"

చెన్నమ్మ తోక చుట్టుకుని దర్జాగా కూర్చుంది.

"చెప్పను పో!" అంది.

నీతి: సాక్షిగా వచ్చినవాళ్లు తమ లాభం చూసుకోకుండా, చూసింది చూసినట్టు చెబితే, భయపడేవాళ్లందరికీ ధైర్యం వస్తుంది.