ఆడని ఫ్రేము

లోహిత్‌కి టేబుల్ దగ్గర భయం లేదు. భయమంతా కుర్చీలోనే.

స్నూకర్‌లో ఒకడు ఆడుతున్నంతసేపూ రెండోవాడు పక్కన కుర్చీలో కూర్చోవాలి. అవతలివాడు ఎక్కడో తప్పేదాకా లేవడానికి లేదు. ఒక్కోసారి ఆ తప్పు రానే రాదు, ఫ్రేము, అంటే ఒక ఆట, మొత్తం అయిపోతుంది. విశాఖపట్నంలో జరుగుతున్న ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్‌లో లోహిత్ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా గోళ్లు కొరుక్కున్నాడు, గ్లాసుల కొద్దీ నీళ్లు తాగాడు, సీలింగు వంక చూశాడు. తన వంతు వచ్చి లేచేసరికి చేతులు చల్లబడిపోయేవి. కళ్లు మూసుకుని వేయగల బంతులు కూడా పోగొట్టుకున్నాడు. సెమీఫైనల్లో ఆఖరున మిగిలిన ఒక్క నల్లబంతి మీద ఎలాగో గట్టెక్కాడు.

మర్నాడే ఫైనల్. ఎదుట బెంగళూరు నంజప్ప. మనిషి నెమ్మది. అవతలివాణ్ణి కుర్చీలోంచి లేవనివ్వడని పేరు.

సెమీఫైనల్ అవగానే లోహిత్ తన గురువును వెతుక్కుంటూ ఆసుపత్రికి వెళ్లాడు.

ఎబినేజరు మాస్టారు అతనికి క్యూ కర్ర పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పినవారు. ఈ టోర్నమెంటులో ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. ఆయన భార్య రూతమ్మగారు కొన్నాళ్లుగా ఆసుపత్రి మంచం మీదే ఉన్నారు. వాళ్లకి పిల్లల్లేరు. ఇక మందులతో పని లేదని, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందని డాక్టర్లు చెప్పేశారు.

బయట ముసురు పట్టింది. మధ్యాహ్నమే గదిలో లైటు వేశారు. మాస్టారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. లోహిత్‌ని చూసి తల ఊపారు.

ఇది సమయం కాదని లోహిత్‌కీ తెలుసు. అయినా ఆపుకోలేకపోయాడు.

“మాస్టారూ, అవతలివాడు ఆడుతున్నంతసేపూ నేనేం చెయ్యాలి?”

మాస్టారు గోడవార ఉన్న ఇంకో స్టూలు చూపించారు.

లోహిత్ దాన్ని లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండలేకపోయాడు. లేచి కిటికీ రెక్క మూశాడు. దుప్పటి సర్దాడు. బయటికి వెళ్లి నర్సుతో ఏదో మాట్లాడి వచ్చాడు.

“ఇంకో ఆసుపత్రికి మారుద్దామా మాస్టారూ? ఏదో ఒకటి చెయ్యాలి కదా!”

“చెయ్యగలిగిందంతా చేశారు. కూర్చో.”

మళ్లీ కూర్చున్నాడు. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. లోహిత్‌కి నంజప్ప గుర్తొచ్చాడు. రేపు టేబుల్ చుట్టూ తిరుగుతూ, క్యూ కర్రకి సుద్ద రాసుకుంటూ, తనని గంటల తరబడి మూలన కూర్చోబెట్టబోయే నంజప్ప. నేల వంక చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారు లేచారు. గ్లాసులోంచి చెంచాడు నీళ్లు తీసి భార్య పెదవుల మధ్య పోశారు. ఒక్క చుక్క కూడా మెడ మీదికి జారలేదు. తువ్వాలు కొసతో మూతి అద్ది, మళ్లీ వచ్చి కూర్చున్నారు.

“అమ్మ నీళ్లు అడిగారా?” అన్నాడు లోహిత్.

“అడిగింది.”

“నాకు వినపడలేదు.”

“మాట ఎక్కడిది ఇంక? పెదవి కదిపింది.” మాస్టారు అతనికేసి తిరిగారు. “ఇంతసేపూ నువ్వెక్కడ కూర్చున్నావు?”

ఆ గొంతులో కోపం లేదు. అందుకే లోహిత్ తల ఎత్తలేకపోయాడు.

తరవాత ఎత్తాడు. వచ్చినప్పటినుంచీ ఆవిడ ముఖం తను సరిగ్గా చూడనేలేదని అప్పుడు తెలిసింది. ప్రాక్టీసు అయ్యాక పళ్లెంలో అన్నం, చేపల పులుసు పెట్టి, “ముందు తిను. ఆకలి మీద ఆడితే బంతి రెండుగా కనిపిస్తుంది” అని కసిరే మనిషి. ఆ బుగ్గలిప్పుడు లోపలికి పోయాయి. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. దుప్పటి మీద చూపుడు వేలు అప్పుడప్పుడూ కొంచెం లేచి పడుతోంది.

చూస్తూ కూర్చున్నాడు. వాన తగ్గిందో పెరిగిందో అతనికి తెలీదు.

పెదవి కదిలింది.

లోహిత్ లేచి చెంచాతో నీళ్లు పోశాడు. ఆవిడ కళ్లు తెరవలేదు గానీ మింగారు. మాస్టారు స్టూలు మీంచి కదల్లేదు.

పొద్దు వాలుతుండగా రూతమ్మగారు ఒక పొడుగాటి ఊపిరి వదిలారు. దాని తరవాతది రాలేదు. ఇద్దరూ ఎదురుచూశారు. చాలాసేపటికి మాస్టారు చెయ్యి చాచి ఆవిడ నుదుటి మీద పెట్టారు.

“వెళ్లిపోయింది” అన్నారు.

లోహిత్ కళ్లు తుడుచుకున్నాడు. “రేపు నేను ఆడను మాస్టారూ.”

“భూస్థాపన సాయంత్రం. నీ ఆట పొద్దున.”



పొద్దున మొదలైన ఫైనల్ ఆఖరి ఫ్రేముకి వచ్చేసరికి సాయంత్రమైంది; అప్పటిదాకా ఇద్దరూ సమానం. ఆ ఫ్రేము మొదలుపెట్టాల్సింది లోహిత్. అతను కొట్టిన తెల్లబంతి అనుకున్న చోటుకి జానెడు ఇవతల ఆగిపోయింది. నంజప్పకి గురి కుదిరే ఒక ఎర్రబంతి దొరికింది. దాన్ని వేశాడు. లోహిత్ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

మళ్లీ లేచింది కరచాలనం చెయ్యడానికే. నంజప్ప అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

అతను సమాధుల తోటకి చేరేసరికి మట్టి పూడ్చేశారు. ప్రార్థన ముగిసి జనం గొడుగులు ముడుచుకుని వెళ్లిపోతున్నారు. కొత్త మట్టి పక్కన మాస్టారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఆట కోసం వేసుకున్న నల్ల కోటుతోనే, బురదలో నడుచుకుంటూ లోహిత్ ఆయన పక్కకి వెళ్లాడు.

“ఓడిపోయాను మాస్టారూ. ఆఖరి ఫ్రేములో ఒక్క దెబ్బ కొట్టి కూర్చున్నాను. మళ్లీ అవకాశం రాలేదు.”

“అతనెలా ఆడాడు?”

లోహిత్ చెప్పడం మొదలుపెట్టాడు. టేబుల్ అంచుని ఆనుకున్న మొదటి ఎర్రబంతి, దాని తరవాత నల్లది. మూడో ఎర్రబంతి దగ్గర తెల్లది కొంచెం ఎక్కువ దొర్లింది, అక్కడ నంజప్ప భయపడ్డాడు, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. నల్లది వదిలేసి నీలం తీసుకున్నాడు. ఎర్రబంతుల గుంపుని విడగొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. పసుపుబంతి వేయబోతూ ఒకసారి వంగి, మళ్లీ లేచి, ఇంకోసారి వంగాడు. ఒక్కో బంతీ, అది పడ్డాక తెల్లది ఆగిన చోటూ, ఏదీ వదలకుండా చెప్పుకుంటూ వచ్చాడు.

మధ్యలో చినుకులు మొదలయ్యాయి. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు. మాస్టారు ఒక్కసారి కూడా అడ్డు రాకుండా ఆఖరి నల్లబంతి దాకా విన్నారు.

తరవాత మట్టి వంక చూశారు.

“ఇవాళ బాగా ఆడావు” అన్నారు.