గూళ్ళమ్మ గుడికి కప్పు లేని కారణం

చిలకవాగు ఇసుకలో, దోసపాదుల నడుమ, నడుమెత్తు రాతిగోడలు నాలుగు కనిపిస్తాయి. అదే గూళ్ళమ్మ తల్లి గుడి. గోడల మీద కప్పు లేదు, గోపురం లేదు. చందాలు పోగుచేసి స్లాబు పోయిస్తామని ఏటా ఎవరో ఒక పెద్దమనిషి బయలుదేరుతాడు. వద్దు బాబూ అని దండం పెట్టి పంపించడం మాకు అలవాటైపోయింది. లోపల ఇసుకలో జానెడు ఎత్తు రాయి ఉంటుంది. పిల్లలు పాదం మీద తడి ఇసుక కప్పి కట్టే పిచ్చుకగూడు ఎలా ఉంటుందో అది అచ్చం అలాగే ఉంటుంది. పాదం వెనక్కి తీసిన తొర్ర, పైన చిన్న చేతులు తట్టిన గుర్తులు ఈనాటికీ చూడవచ్చు. దర్శనానికి వచ్చేవారు ఫోన్లు సంచిలో పెట్టుకుని, కళ్ళతో చూడవలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ ఓబులక్క అనే ఆవిడ దోసపాదులు పెట్టుకుని బతికేది. భర్త పోయాడు. ఆరేళ్ళ కూతురు గంగులు తప్ప ఆమెకు నా అన్నవారు లేరు. వాగు తగ్గి ఇసుక బయటపడగానే గుంటలు తీసి, ఎరువు వేసి, గింజ పెట్టి, కుండతో నీళ్ళు మోసి పోసేది. తీగ సాగే వేళకు వసంతం వచ్చేది. పిల్లలు ఇసుకలోకి పరుగెత్తేది కూడా అప్పుడే. తీగ తొక్కుతారని ఓబులక్క పాదుల చుట్టూ కంప వేసి, కర్ర పట్టుకుని కాపలా కాసేది. సొంత కూతుర్ని కూడా ఆడనిచ్చేది కాదు.

ఒక ఏడు ఉగాది వెళ్ళిన మర్నాడు మిట్టమధ్యాహ్నం, కంప లోపల గంగులు పక్కన ఎవరో పిల్ల కూర్చుని ఉంది. పచ్చ పరికిణీ కట్టుకుంది. ఇద్దరూ కలిసి పిచ్చుకగూళ్ళు కడుతున్నారు. అప్పటికే ఏడు గూళ్ళు వరసగా లేచాయి. "ఎవరి పిల్లవే నువ్వు? లే ఇక్కణ్ణుంచి" అంటూ ఓబులక్క ఏడింటినీ కాలితో తన్నేసింది. తలెత్తి చూసేసరికి ఆ పిల్ల లేదు. తడి ఇసుకలో వచ్చిన అడుగులు ఉన్నాయి, వెళ్ళిన అడుగులు లేవు.

ఆ సాయంత్రమే గంగులు మంచం పట్టింది. జ్వరం కాదు. పాదాలు తడి ఇసుకలాగా చల్లబడిపోయాయి. గుప్పిళ్ళు విప్పితే ఇసుక ఉంది. తల్లి కడిగి తుడిచినా తెల్లారేసరికి మళ్ళీ గుప్పెడు తడి ఇసుక. నాలుగో రోజుకు ఆ చలి చీలమండలు దాటింది. సంగతి తెలిసి ఊరివాళ్ళు తమ పిల్లల్ని ఇళ్ళలో పెట్టి గడియలు వేశారు. వేపపూత రాలుతోంది, కోయిల కూస్తోంది, వీధిలో మాత్రం పిల్లల అలికిడి లేదు. అంత భయం పుట్టించిన వసంతం మరొకటి రాలేదని మా పెద్దలు చెప్పేవారు.

ఐదో రోజు మధ్యాహ్నం కూతురి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఓబులక్క కాస్త కునికింది. కలలో ఆ పరికిణీ పిల్ల వీపు తిప్పి నిలబడి, "నా ఇల్లు పడగొట్టావు. చైత్ర పున్నమిలోగా మళ్ళీ కట్టు. కట్టకపోతే నీ కూతుర్ని ఆటకు తీసుకుపోతాను, ఇక పంపను" అని చెప్పింది.

మన పెద్దవాళ్ళ తెలివి ఎంతటిదో ఇక్కడే బయటపడింది. ఇల్లంటే రాతి ఇల్లే అనుకున్నారు. ఊరిపెద్ద సింగరయ్య వాగులో ఆ పాదుల దగ్గరికి బండ్ల మీద రాయి తోలించాడు. వారం తిరక్కుండా గోడలు నడుమెత్తు లేచాయి. ఒక్కో వరస లేచినకొద్దీ గంగులుకు చలి పైకి పాకింది. పిక్కలు అయ్యాయి, మోకాళ్ళు అయ్యాయి, నడుము దాకా వచ్చింది. పున్నమి నాటి మధ్యాహ్నం గంగులు కళ్ళు తెరవకుండానే, "అంత పెద్ద ఇల్లెందుకమ్మా? కాలు పట్టేంత చాలంట" అంది.

ఓబులక్క పరుగున వాగులోకి వెళ్ళి పనివాళ్ళను ఆపింది. "అందరూ గట్టెక్కండి నాయనా. ఇది నేను కట్టవలసిన ఇల్లు" అంది. గోడల మధ్య కూర్చుని, మడమలు పగిలిన పాదాన్ని ఇసుకలో పెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆ పాదం పనికే తప్ప ఆటకు ఇసుకలో దిగలేదు. ఇసుక కప్పి కాలు లాగింది. గూడు కూలింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ కూలింది. పొద్దు వాలుతోంది. "చలి గుండెల దాకా వచ్చిందటమ్మా, తొందరగా కానీ" అని గట్టు మీంచి సింగరయ్య అన్నాడు. ఓబులక్క ఏడ్చేసింది. తొందరపడితే గూడు నిలవదు, ఆ సంగతి ఆరేళ్ళ వయసులో ఆమెకు తెలుసు. అది గుర్తొచ్చేసరికి అప్పటి పాట కూడా నోటికొచ్చింది.

"పిచ్చుకమ్మా రావమ్మా, గూడు కట్టా చూడమ్మా,
పుల్లలొద్దు పీచులొద్దు, హాయిగ వచ్చి బజ్జోవమ్మా."

పాడుతూ మెల్లగా తట్టసాగింది. రెండోసారి పాడేటప్పుడు ఎదుటి నుంచి ఇంకో జత చేతులు ఇసుకను తట్టడం మొదలుపెట్టాయి. చిన్న చేతులు, చల్లటివి. ఆమె వేళ్ళకు తగులుతున్నాయి. ఓబులక్క పాట ఆపలేదు. తలెత్తితే కూతురు దక్కదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా ఎత్తలేదు. ఇంతలో కాలివేళ్ళ సందులోకి ఇసుక జారి గిలిగింత పెట్టింది. అంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. ఎదుట కూడా ఎవరో కిలకిలా నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే పాదం నెమ్మదిగా వెనక్కి తీసింది. గూడు నిలిచింది.

ఇంటికి వెళ్ళేసరికి గంగులు మంచం మీద కూర్చుని అన్నం పెట్టమంటోంది. గుప్పిళ్ళు పొడిగా ఉన్నాయి. మర్నాడు చూస్తే వాగులో ఆ గూడు రాయి అయి ఉంది. గోడలు ఎక్కడ ఆగాయో అక్కడే ఆగిపోయాయి.

నాటి నుంచి ఉగాది మొదలు చైత్ర పున్నమి వరకు చిలకవాగులో ఎవరూ కంప వేయరు. తొలి దోసకాయ పిల్లలదే. అమ్మ చీరలూ నగలూ పుచ్చుకోదు. వచ్చిన పెద్దలు, ఎంతటివారైనా సరే, చెప్పులు విడిచి ఇసుకలో చతికిలబడి గూడు కట్టాలి. నిలిచిందో లేదో పిల్లలే తేలుస్తారు. గూడు నిలిచినవారి ఇంట పిల్లలు ఏడాది పొడుగునా చల్లగా ఉంటారని నమ్మకం. కూలితే బెంగపడకుండా మళ్ళీ కట్టండి, పున్నమి దాకా గడువుంది. ఎదుట ఇంకో జత చేతులు తడుతున్నట్టు అనిపిస్తే మాత్రం తలెత్తకండి.

నేను గంగులు వంశంలో ఏడో తరం వాణ్ణి. నలభై ఏళ్ళుగా అమ్మకు పూజ చేస్తున్నాను. ఇప్పటికీ ఇసుకలో పాదం పెట్టాలంటే నాకు భయమే. నిరుడు పున్నమి నాడు మా మనవరాలు ఎదురుగా కూర్చుని తడుతోంది కదా అని ధైర్యంగా పాడుకుంటూ కట్టాను. గూడు నిలిచింది. బాగా తట్టావే తల్లీ అని తలెత్తబోతుంటే, వెనక గట్టు మీంచి మా మనవరాలు, "తాతా, నేనింకా రాలేదు, ఉండు" అని కేకేసింది.

వంచిన తల వంచినట్టే ఉంచి, ఇంకో గూడు మొదలుపెట్టాను.