నున్నటి దారికి తోలుపట్టీలు

రాజుగారి రహదారుల అధికారి సోమప్ప గూడుబండిలో ఆసనం మందపాటి తోలుపట్టీలకు వేలాడుతుండేది. చక్రం ఎంత గుంతలో పడినా ఆయనకు కుదుపు తెలిసేది కాదు. రేగులపాడు దారిలో ఎడ్ల కాళ్లు విరుగుతున్నాయని ఊరివాళ్లు ఎన్ని అర్జీలు పెట్టినా, "దారి నున్నగా ఉంది" అని రాజుగారికి రాసి పంపేవాడు.

ఒకనాడు ఆ ఊరి పొలిమేరలోనే పట్టీ తెగింది. బాగుచేయమంటే, వడ్రంగి మౌనాచారి పట్టీలు రెండూ ఊడదీసి, ఆసనాన్ని బండికే మేకులతో బిగించాడు.

బండి కూతవేటు దూరం వెళ్లి వెనక్కి వచ్చింది.

"నా నడుం విరిగిందిరా! ఇదేం మరమ్మతు?" అని అరిచాడు సోమప్ప.

"దారి నున్నగా ఉందని తమరే రాశారు కదా దొరా. నున్నటి దారికి పట్టీలు దండగని తీసేశాను. గుంతలున్నాయని తమ చేత్తో ఒక్క ముక్క రాసివ్వండి, ఇప్పుడే కట్టేస్తాను."

సోమప్ప ఉరిమి చూశాడు. కానీ రాజధాని ఇంకా పది ఆమడల దూరం. నడుం పట్టుకుని, రాసి, ముద్ర వేసిచ్చాడు.

మౌనాచారి తెగిన పట్టీ కుట్టి కడుతుంటే, సోమప్ప మెల్లగా అడిగాడు. "ఇన్నేళ్లు ఈ దారినే తిరిగాను. ఈ గుంతలు నాకెందుకు తెలియలేదు?"

"తెలియకూడదనే కదండీ వీటిని కట్టించుకున్నారు."