రెండో చేతికి కట్టని దారం

పొద్దు పొడిచి సరిగ్గా మూడు గడియలయింది. మణిమంతపురం రాజుగారి మూడో కూతురు వకుళ తన నేస్తం తారావళి తల దువ్వుతోంది. పన్నెండేళ్లుగా రోజూ అదే వేళకు దువ్వుతోంది.

"మరి నా జడో?" అంది వకుళ.

"రేపు వేస్తాలేవే," అంది తారావళి. ఆ రేపు పన్నెండేళ్లుగా రాలేదు.

అనగనగా అంటే చాలు, పిల్లలూ, ఏ రాజుకైనా ముగ్గురు పిల్లలుంటారు. ఈ రాజుకు ముగ్గురూ కూతుళ్లే. పెద్దవాళ్లిద్దరూ పెళ్లిళ్లయి పొరుగు రాజ్యాలకు వెళ్లారు. ఎనిమిదేళ్ల వకుళ ఒంటరిదైన ఆ ఏడాదే, ఏడు సముద్రాలు దాటి వచ్చానంటూ తారావళి ఓడ దిగింది. "నా ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల వదిలేసి, నీ కోసమే వచ్చానే," అంది.

ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. ఆ ఊరి ఆచారం ఏమిటంటే, ఒకరి చేతికొకరు పసుపుదారం కట్టాలి. కట్టాక ఎదుటివాళ్లు మూడుసార్లు ఏం కోరినా కాదనకూడదు. వకుళ చేతికి తారావళి కట్టింది. వకుళ కట్టబోతే, "గోరింటాకు చెరిగిపోతుందే, రేపు కడుదువుగాని," అంది.

మొదటి కోరిక పాట. "నీ పాట నాకిచ్చెయ్యవే, నేస్తానివి కాదూ?" వకుళ ఇచ్చింది. ఆనాటి నుంచి ఆమె గొంతులో పాట లేదు.

రెండో కోరిక నవ్వు. "నువ్వు నవ్వితే అందరూ నీవైపే చూస్తారు. నాకెంత కష్టంగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?" వకుళ ఆలోచించింది. ఇచ్చేసింది.

అంతఃపురానికి వచ్చే కబుర్లు లోపలికి తెచ్చేది తారావళే. ఏటా అట్లతద్దికి వకుళ అడిగేది, "అక్కలేమైనా పంపారా?" అని.

"ఏమీ పంపలేదు. నీ గురించి ఏమన్నారో కూడా విన్నాను. చెప్పనులే, బాధపడతావు."

వకుళ అక్కలకు కబురు పంపడం మానేసింది. చివరికి తన పెళ్లికి కూడా పిలవలేదు.

ఈ పూట తల దువ్వించుకుంటూ తారావళి మూడో కోరిక కోరింది. "ఎల్లుండి నీ పెళ్లి కదా. నీ పేరు నాకివ్వు."

"పేరిస్తే ఏమవుతుంది?"

"నేను వకుళనవుతాను. పీటల మీద కూర్చుంటాను. నువ్వెక్కడికి పోతావే? నా వెనకే ఉంటావు, తల దువ్వుతూ."

దువ్వెన ఆగింది. "రేపు చెబుతాను," అంది వకుళ.

మర్నాడు వేకువనే ఆమె ఎప్పటిలాగే బియ్యప్పిండితో ముగ్గు వేసింది. ఎప్పటిలాగే చీమలొచ్చాయి. వాటిలో ముసలి చీమ ఒకటి తలెత్తి మాట్లాడింది.

"పన్నెండేళ్లు నీ పిండి తిన్నాం, తల్లీ. మూడు సంగతులు చెబుతాం. తారావళి తాళం వేసి ఉంచే ఏడు గదులున్నాయి కదా, ఆ ఏడో గదిలో ఒక చిలుక ఉంది. అది నీ పాట పాడుతోంది, నీ నవ్వు నవ్వుతోంది. దానికి ఆకలేస్తే తారావళికి ఊపిరాడదు. ఆవిడ ప్రాణం ఏడు సముద్రాల అవతల లేదు, ఏడు గదుల అవతల ఉంది."

"మరి మూడోది?"

"మీ ఇద్దరి చేతులమీదా పాకినవాళ్లం. దారం ఒక్క చేతికే ఉంది."

వకుళ ఏడవలేదు. చేతులు కడుక్కుంది. పసుపు నూరింది. నూలుపోగు తడిపింది. మూడు గడియలకు దువ్వెన పుచ్చుకుని వెళ్లింది.

"పేరిస్తాను. ముందు చెయ్యి చాపు, దారం కడతాను. ఒక్క చేతి దారానికి నేను కట్టుబడను."

"నన్ను నమ్మవా?" అంది తారావళి, కళ్లనిండా నీళ్లతో.

"చెయ్యి చాపు."

"నేను తప్ప నీకెవరున్నారే?"

"చెయ్యి చాపు."

"ఎంత మొండిదానివయ్యావే!" అని తారావళి పకపకా నవ్వింది. ఆ నవ్వు వకుళదే. వకుళ గుర్తుపట్టింది.

"చెయ్యి చాపు."

ఇన్నేళ్లలో ఇది నన్నేమడిగింది గనుక, ఇప్పుడడగడానికి? అనుకుని తారావళి చెయ్యి చాపింది. వకుళ మూడు ముళ్లు వేసింది.

"ఇక పేరివ్వు."

"నీ కోరికలు రెండు తీరాయి. నేనింకా మొదలే పెట్టలేదు. ముందు నా జడ వెయ్యి."

"ఓసి పిచ్చిదానా, ఇంతేనా!" అని తారావళి జడ వేసింది.

"ఏడు గదులూ తెరువు."

ఈసారి తారావళి నవ్వలేదు. కదలకూడదనుకుంది. దారం బిగిసింది, కాళ్లు వాటంతటవే నడిచాయి. ఏడు తలుపులూ తెరుచుకున్నాయి.

"చిలుకనివ్వు."

"నేను చచ్చిపోతానే వకుళా!"

"నా పాట, నా నవ్వు, నా పేరు పోతే నేనేమవుతానని అడిగావా ఎప్పుడైనా? ఇవ్వు."

పంజరం చేతికొచ్చింది. వకుళ తలుపు తీసింది. పాట ముందు వచ్చింది, నవ్వు తరువాత వచ్చింది. చిలుక కిటికీలోంచి ఎగిరిపోయింది. అది ఆకాశంలో చిన్నదవుతున్నకొద్దీ తారావళి పలచబడింది. అది కనుమరుగయ్యేసరికి నేలమీద పసుపుదారం ఒక్కటే మిగిలింది.

మర్నాడు వకుళ తన పేరుతోనే రాజకుమారుడు జయధీరుణ్ణి పెళ్లాడింది. ఇద్దరూ నలభై ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. పిండిముగ్గు లేని రోజు ఒక్కటీ లేదు.

ఆ నలభై ఏళ్లు మొదలైన ఆరో రోజున, ఏడో గది ఊడుస్తున్న దాసీలకు ఒక చెక్కపెట్టె దొరికింది. అందులో ముడి విప్పని మూటలు ఇరవైనాలుగు, ప్రతి మూటలోనూ గాజులు. పన్నెండు అట్లతద్దులకు ఇద్దరక్కలూ పంపినవి. అడుగున ఉన్నవి ఎనిమిదేళ్ల పిల్ల చేతివి. అన్నిటికంటే పైనున్నవి వకుళ చేతికి సరిగ్గా సరిపోయాయి.